ఫ్రేమ్ కటింగ్ మిషన్ బ్లేడ్లకు సాన: ఎవరికివ్వాలి, ఎవరికివ్వద్దు

కల్వకుర్తి తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. ఫొటో ఫ్రేముల పట్టీలను మూలలకు కోసే, కాలితో తొక్కే ఫ్రేమ్ కటింగ్ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మొదట్లో బాగానే కోసింది. ఇప్పుడు టేకు పట్టీ పెడితే అంచు నలుగుతోంది, మూలల్లో సందు వస్తోంది. బ్లేడ్లను సైకిల్ మీద తిరిగే సాన అతనికి ఇవ్వాలా, ఊళ్లో లేత్ షాపుకా, హైదరాబాద్ పంపాలా, లేకపోతే కొత్త జత కొనుక్కోవాలా అని అడుగుతున్నాడు. డబుల్ మైటర్ రంపం (రెండు గుండ్రటి బ్లేడ్లతో పట్టీని మూలకు కోసే మిషన్) బ్లేడ్లు, ఫొటో చుట్టూ పెట్టే అట్టను కోసే మౌంట్ కట్టర్ బ్లేడ్ల గురించి, ఎన్నాళ్ళకోసారి సాన పట్టించాలో కూడా చెప్పమన్నాడు.

ముందు సూటిగా జవాబు. సైకిల్ సానకు వద్దు. లేత్ షాపు బెంచ్ గ్రైండర్‌కు అసలే వద్దు. ప్రింటింగ్ ప్రెస్సుల్లో పేపర్ కటింగ్ మిషన్ కత్తులుంటాయి కదా, వాటికి సాన పట్టే గ్రైండింగ్ షాపుకు ఇవ్వు. ఎప్పుడిచ్చినా రెండు బ్లేడ్లూ కలిపే ఇవ్వు. రంపం బ్లేడ్లు వేరే షాపుకు పోవాలి. మౌంట్ కట్టర్ బ్లేడుకు సాన లేదు, మార్చెయ్యడమే. కొత్త జత కొనాల్సి రావచ్చు, కానీ నువ్వు అనుకుంటున్న కారణానికి కాదు. అది కింద చెప్తాను.

నేను నల్లగొండలో పటాలు కట్టే షాపు నడుపుతున్నాను. యాదగిరిగుట్ట నరసింహస్వామి పటాల నుంచి పెళ్లి ఫొటోల దాకా, టేకు నుంచి ఫైబర్ పట్టీ దాకా అన్నీ కోస్తాం. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

ఈ బ్లేడ్ల విషయంలో ఎందుకింత పట్టింపో ముందు చెప్పాలి. డెన్మార్క్ మోర్సో కంపెనీ మిషనైనా, దాన్ని చూసి ఇక్కడ చేసిన మిషనైనా సూత్రం ఒకటే. రెండు బ్లేడ్లు చెరో 45 డిగ్రీల్లో బిగించి ఉంటాయి, రెంటికీ మధ్య 90. పెడల్ తొక్కితే రెండూ కలిసి దిగుతాయి, నడుమనున్న మూడు మూలల ముక్క రాలిపోతుంది. ఒకే కోతకు ఎడమ పట్టీ కొస, కుడి పట్టీ కొస రెండూ తయారవుతాయి. అంటే ఫ్రేమ్ నాలుగు మూలలూ ఆ రెండు బ్లేడ్ల మధ్య కోణం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ కోణంలో అర డిగ్రీ తేడా వచ్చిందనుకో. మూలకు అర డిగ్రీ చొప్పున నాలుగు మూలలకు రెండు డిగ్రీలు. మూడు మూలలు గట్టిగా నొక్కి పిన్నులు కొట్టేశావంటే ఆ తేడా మొత్తం పోయి నాలుగో మూలలో కూర్చుంటుంది. రెండంగుళాల వెడల్పు పట్టీకి అది దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల సందు. మైనం పూడ్చి రంగు వేసినా కస్టమర్ కళ్ళు నేరుగా అక్కడికే పోతాయి.

ఇప్పుడు బ్లేడును చేతిలోకి తీసుకుని చూడు. ఒక ముఖం చదునుగా ఉంటుంది, రెండోవైపు అంచు దగ్గర వాలు ఉంటుంది. చదును ముఖం మనం ఉంచుకునే పట్టీ వైపు, వాలు రాలిపోయే ముక్క వైపు. అందుకే మనకు మిగిలే కోత ముఖం చదునుగా వస్తుంది. సైకిల్ సాన అతను కత్తిని రెండు వైపులా తిప్పి రాస్తాడు. కూరగాయల కత్తికి, కత్తెరకు అతని పని అద్భుతం, మా ఇంటి కత్తులన్నీ అతనికే ఇస్తాం. కానీ ఈ బ్లేడుకు చదును ముఖం మీద కొంచెం వాలు పడినా చాలు, దిగేటప్పుడు అది పట్టీని పక్కకు నెడుతుంది. ఆ తర్వాత ఆ కోత ముఖాలు రెండూ ఏం చేసినా కలవవు.

లేత్ షాపులో ఇబ్బంది ఇంకోటి. అక్కడ పని చేతగాక కాదు, మిషన్ అది కాదు. బెంచ్ గ్రైండర్ రాయి పొడిగా తిరుగుతుంది, బ్లేడును చేత్తో పట్టుకుని రాయాలి. పొడవాటి అంచు చేత్తో ఒకే తీరుగా రాదు. పైగా వేడి. మామూలు టూల్ స్టీల్ 300 డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే నీలం రంగు తిరుగుతుంది, అక్కడ టెంపర్, అంటే స్టీల్ గట్టిదనం, దిగిపోయినట్టే. చూడ్డానికి పదునుగానే ఉంటుంది, గోటి మీద పెడితే పట్టుకుంటుంది, నాలుగు ఫ్రేములు కోసేసరికి అక్కడే వంగిపోతుంది. అప్పుడు మనం స్టీల్ బాగాలేదు, బ్లేడ్లు డూప్లికేట్ అనుకుంటాం.

సూర్యాపేట వైపు నాకు తెలిసిన ఒకాయనకు ఇదే జరిగింది. దగ్గర్లో ఉందని ఒక లేత్‌లో ఇచ్చాడు. ఎడమ బ్లేడుకు గంటు ఉందని అతను ఎడమదాన్నే బాగా అరగదీశాడు, కుడిదాన్ని పైపైన రాసి ఇచ్చాడు. బిగించాక రెండు బ్లేడ్ల కొసలు ఒకేసారి కిందికి చేరడం లేదు. ప్రతి కోతలోనూ రెండూ కలిసే ముక్కు దగ్గర సన్నటి నాలుక మిగిలిపోతోంది. దాన్ని చాకుతో గీకి పని నడిపించాడు కొన్నాళ్ళు. చివరికి కుడి బ్లేడును కూడా మంచి షాపులో అంతే అరగదీయించాల్సి వచ్చింది. రెండూ జతగా ఇమ్మని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఒకదానికి ఒక మిల్లీమీటర్ లోతు గంటు పడితే రెండోది ఎంత శుభ్రంగా ఉన్నా దాంట్లోనూ ఒక మిల్లీమీటర్ పోవాల్సిందే.

సానకు పంపే ముందు అసలు తప్పు బ్లేడుదేనా అని చూసుకో. నా దగ్గరికి బ్లేడు మొద్దుబారిందని వచ్చేవాళ్ళలో చాలామందికి బ్లేడు బాగానే ఉంటుంది.

మొదట అంచును ట్యూబ్‌లైట్ కింద వాలుగా పట్టి చూడు. పదునున్న అంచు మెరవదు. మొద్దుబారిన చోట సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది, గంటు ఉంటే చుక్కలా మెరుస్తుంది. తర్వాత ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క ముక్క ఒకటి కోసి చూడు. మెత్త చెక్క మొద్దు బ్లేడును వెంటనే పట్టిస్తుంది. పదునుంటే కోత ముఖం నున్నగా వస్తుంది, లేకపోతే పోగులు నలిగి లేచినట్టుంటాయి. టేకు గట్టిది, కొంతవరకు మొద్దు బ్లేడుతో కూడా నున్నగా తెగినట్టే కనిపించి మోసం చేస్తుంది.

కోత ముఖం నున్నగా ఉండి మూలలో మాత్రం సందు వస్తే సానతో పోదు. ఎదురెదురు పట్టీల పొడవులు సమానమేనా? వెంట్రుకవాసి తేడా ఉన్నా మూల తెరుచుకుంటుంది. వెనక గైడ్ పట్టీకి, టేబుల్‌కి మధ్య చెక్కపొట్టు ఇరుక్కుందా? బ్లేడ్ల బోల్టులు వదులయ్యాయా? సెకండ్ హ్యాండ్ మిషన్‌లో ఇవన్నీ చూడాలి. వీటికంటే ఎక్కువగా దొరికే తప్పు ఇంకోటి ఉంది. పట్టీలో అద్దం కూర్చునే గాడి ఉంటుంది కదా, కోసేటప్పుడు దాని కింద ఆనిక సరిగా పెట్టాలి. ఆనిక లేకపోతే బ్లేడు దిగే ఒత్తిడికి పట్టీ కొంచెం పొర్లుతుంది, కోత వాలిపోతుంది. అప్పుడు మూల పైన కలిసి కింద తెరుచుకుంటుంది, లేదా కింద కలిసి పైన. సందు పై నుంచి కింది దాకా ఒకే తీరుగా లేదంటే ముందు ఆనిక చూడు. దేవరకొండ మిత్రుడొకడు ఈ ఒక్క కారణానికి బ్లేడ్లు పదేపదే సానకు పంపాడు. ప్రతిసారీ పదునుగా వచ్చాయి, ప్రతిసారీ అదే సందు.

ఇంకో సంగతి, నువ్వు ఒక్క తొక్కులో మొత్తం కోసేస్తున్నావా? వెడల్పు పట్టీని అట్లా కోస్తే బ్లేడ్లు ఒత్తిడికి బయటికి వంగుతాయి, కోత ముఖం మధ్యలో గుంటపడుతుంది. బ్లేడ్ల దిమ్మెను వెనక్కి జరుపుకుంటూ మూడు నాలుగు కాట్లుగా కొయ్యాలి. చివరి కాటు పల్చటి పొర మాత్రమే తియ్యాలి. టేకుకు ఇంకో కాటు ఎక్కువ పడినా ఫర్వాలేదు. ఇట్లా కోస్తే పదును కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. పని గంటలో పది నిమిషాలు ఆలస్యమవుతుందని కుర్రవాళ్ళు గొణుగుతారు, గొణగనివ్వు.

నీ విషయంలో టేకు అంచు నలుగుతోందని రాశావు. పెడల్ బరువుగా తొక్కాల్సి వస్తోందని కూడా రాశావు. ఈ రెండూ కలిశాయంటే పదును పోయినట్టే అనుకుంటున్నా. సందుకు మాత్రం పైవన్నీ చూడు.

ఇక అసలు పని, మంచి గ్రైండింగ్ షాపు వెతకడం. దీనికి ఒక దారి ఉంది, ఎవరూ చెప్పరు. మీ ఊళ్లో పెళ్లి కార్డులు కొట్టే ప్రెస్ వాళ్ళను అడుగు. కల్వకుర్తిలో ఉంటారు, నాగర్‌కర్నూల్‌లో ఉంటారు, మహబూబ్‌నగర్‌లో చాలామంది ఉంటారు. వాళ్ళ పేపర్ కటింగ్ మిషన్ కత్తి మన బ్లేడు లాంటిదే, ఒకవైపు చదును, ఒకవైపు వాలు, పొడవాటి తిన్నని అంచు. అది మొద్దుబారితే కార్డు అంచులు పేలిపోతాయి, అందుకని సాన విషయంలో వాళ్ళు మనకంటే పట్టుదలగా ఉంటారు. వాళ్ళు ఎవరికిస్తున్నారో, ఎన్నేళ్ళుగా ఇస్తున్నారో అడిగితే సంతోషంగా చెప్తారు. రెండో దారి తలుపులు, కిటికీలు చేసే వర్క్‌షాపులు. చెక్కను చిత్రిక పట్టే వాళ్ళ రంద మిషన్ బ్లేడ్లు కూడా ఇదే రకం మిషన్ మీద పడతాయి.

హైదరాబాద్‌లో అయితే బాలానగర్, జీడిమెట్ల, ఆజామాబాద్ పారిశ్రామికవాడల్లో ఈ పని చేసేవాళ్ళు దొరుకుతారు. నీకు ఆమనగల్, కడ్తాల్ మీదుగా శ్రీశైలం రోడ్డు ఉంది కాబట్టి ఒకసారి స్వయంగా వెళ్ళి రావడం పెద్ద పని కాదు. మొదటిసారి పార్సిల్ మాత్రం చెయ్యకు. వెళ్ళి మిషన్ చూడు. బ్లేడును అయస్కాంతం బల్ల మీదనో బిగింపులోనో పట్టించి, రాయి దాని పొడవునా అటూ ఇటూ నడుస్తుండాలి. రాయి మీద కూలెంట్ నీళ్ళు ధారగా పడుతుండాలి. ఒక్కో నడకకు కొంచెం కొంచెంగా తియ్యాలి. రాయి తగిలిన చోట నిప్పురవ్వలు దీపావళిలా ఎగురుతూ నీళ్ళు కనిపించకపోతే టీ తాగి వచ్చెయ్యి.

మనవాళ్ళలో ఒక అలవాటు ఉంది, బ్లేడ్లు కౌంటర్ మీద పెట్టి సాన పట్టు అని చెప్పి వచ్చేస్తాం. గ్రైండింగ్ అతనికి మన మిషన్ తెలియదు. అతని దృష్టిలో అవి రెండు చిన్న కత్తులు. అందుకే నేను ఒక చీటీ రాసి బ్లేడ్లకు కట్టి ఇస్తాను. అందులో ఉండేది ఇంతే: ఇవి జత, రెండింట్లోనూ సమానంగా తియ్యాలి. వాలు ఉన్న వైపే గ్రైండింగ్, ఇప్పుడున్న కోణమే ఉంచాలి. చదును ముఖం మీద గ్రైండింగ్ వద్దు. నీలం రాకూడదు. గంటు పోయేంతవరకే తియ్యాలి, అంతకంటే వద్దు.

కోణం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అంచు ఇంకా పదును రావాలని వాలును సన్నగా చేసి ఇస్తామంటారు కొందరు. మొదటి రోజు వెన్నలా దిగుతుంది. టేకులో ముడి తగిలిన రోజు అంచు పెచ్చులూడుతుంది. ఇంకొందరు అంచు గట్టిగా ఉండాలని వాలును మొద్దుగా చేస్తారు, అప్పుడు బ్లేడు కొయ్యడం మానేసి చీలుస్తుంది. కంపెనీ ఇచ్చిన కోణం ఆలోచించి ఇచ్చినదే. మీ బ్లేడ్లు ఇంతకుముందు ఎవరి చేతుల్లో అరిగాయో తెలియదు కాబట్టి, సెకండ్ హ్యాండ్ మిషన్ కొన్నవాళ్ళు కోణం అసలుదేనా అని కూడా చూడాలి. అదే మిషన్ కొత్త బ్లేడు ఒకటి తెచ్చి పక్కన పెట్టి చూడటమే దీనికి మార్గం.

ఇచ్చే ముందు వెర్నియర్‌తో (సన్న తేడాలు కొలిచే పరికరం) రెండు బ్లేడ్ల వెడల్పు మూడేసి చోట్ల కొలిచి రాసి పెట్టుకో. వచ్చాక మళ్ళీ కొలువు. ఎంత పోయిందో, సమానంగా పోయిందో తెలుస్తుంది. స్టీల్ స్కేలు అంచుకు ఆనించి వెలుతురుకు పెట్టి చూడు, ఎక్కడా వెలుగు దూరకూడదు. ఇవన్నీ అతని ముందే చెయ్యి. మొదటిసారి విసుక్కుంటాడు. రెండోసారికి నీ బ్లేడ్లు వేరుగా పెడతాడు.

రేటు కొందరు అంగుళాల లెక్కన చెప్తారు, కొందరు జతకింత అంటారు. గంటు లోతుగా ఉంటే ఎక్కువ అడుగుతారు, అది న్యాయమే, అంత సేపు మిషన్ నడవాలి. తక్కువ రేటు కోసం షాపు మార్చకు. నీ బ్లేడ్ల కోణం తెలిసిన మనిషి దొరికాక అక్కడే ఉండు.

తీసేటప్పుడు, బిగించేటప్పుడు జాగ్రత్త. ఈ పనిలో వేళ్ళు తెగేది కోసేటప్పుడు కాదు, బ్లేడు విప్పేటప్పుడు. దిమ్మెను పైకి లేపి కింద చెక్క ముక్క అడ్డం పెట్టు, తోలు చేతిగ్లవ్స్ వేసుకో, ఒక్కో బ్లేడే విప్పు. ఎడమది, కుడిది అని పెయింట్ మార్కర్‌తో రాయి. అంచుకు కరెంటు వైరింగ్ కేసింగ్ పట్టీ ముక్క తొడిగితే సరిగ్గా కూర్చుంటుంది. పైన మిషన్ ఆయిల్ రాసి పాలిథిన్ చుట్టి, రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి టేపు వెయ్యి. అట్లా కడితే ఆర్టీసీ కార్గోలో పంపినా భయం లేదు. విడిగా సంచిలో వేసుకుని బస్సులో నిలబడి వెళ్ళకు, పక్కవాళ్ళ కాళ్ళు ఉంటాయి.

తిరిగి వచ్చిన బ్లేడును నేరుగా మిషన్‌కు ఎక్కించవద్దు. గ్రైండింగ్ అయ్యాక అంచు చదును వైపుకి సన్నటి పొరక లేచి ఉంటుంది, వేలు అడ్డంగా జరిపితే గరుకు తగులుతుంది. (పొడవునా జరపకు.) సన్న నూనె రాయి మీద చదును ముఖాన్ని పూర్తిగా ఆనించి, ఏమాత్రం లేపకుండా, నాలుగైదు సార్లు నెమ్మదిగా రాయి. పొరక పోతుంది. ఇది చెయ్యకపోతే ఆ పొరక మొదటి కోతల్లో విరిగి అంచును తనతో తీసుకుపోతుంది. సాన పట్టించి వారం కాలేదు, అప్పుడే పోయిందని వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే.

కూలెంట్ తడి ఆరక ముందే తుడిచి నూనె రాయకపోతే వానాకాలంలో ఒక్క రాత్రికి తుప్పు చుక్కలు పడతాయి. అంచు మీద పడిన చుక్క గంటుతో సమానం.

బిగించేటప్పుడు బ్లేడు కూర్చునే చోటు గుడ్డతో తుడువు. బోల్టులు సగం బిగించి, రెండు ముక్కులూ సరిగా కలిశాయో చూసి, అప్పుడు పూర్తిగా బిగించు. అరిగిన బ్లేడు పొట్టిదవుతుంది కాబట్టి కింది దాకా దిగుతుందో లేదో చూసి, నీ మిషన్‌లో ఉన్న సర్దుబాటుతో దించుకో. రెండింటినీ సమానంగా దించాలి. పనికిరాని పట్టీ మీద నాలుగు ముక్కలు కోసి, రెండ్రెండు కలిపి గునియాకు (90 డిగ్రీలు చూసే మూలమట్టం) ఆనించి చూశాకే కస్టమర్ పట్టీ ముట్టుకో.

ఎన్నాళ్ళకోసారి అని అడిగావు. నెలల లెక్క చెప్తే అబద్ధం అవుతుంది. ఏం కోస్తున్నావన్న దాన్ని బట్టి ఉంటుంది. పైన్, మామిడి కోసే బ్లేడు, టేకు కోసే బ్లేడు ఒకేలా అరగవు. ఎండీఎఫ్ పట్టీలోని జిగురు అంచును తినేస్తుంది, దాన్ని నేను ఈ మిషన్ మీద కొయ్యను. ఫైబర్ పట్టీ అని మనం పిలిచే పాలీస్టైరిన్ పట్టీ కొన్ని రకాలు పెళుసు, బ్లేడు దిగితే పగుళ్ళిస్తాయి, వాటికి రంపమే నయం. అల్యూమినియం ఈ మిషన్ దగ్గరికి కూడా రానివ్వకు. అన్నిటికంటే ప్రమాదం పాత పటాలు. తాతల నాటి ఫ్రేమును చిన్నది చేసివ్వమని తెస్తారు, ప్రేమగా తెస్తారు, కాదనలేం. మూలల్లో పాత మేకులు ఉంటాయి, పైకి కనబడవు. అయస్కాంతం జరిపి చూడకుండా కోసిన ఒక్క కోతకు గంటు పడుతుంది.

మధ్యలో నూనె రాయి మీద చదును ముఖాన్ని అప్పుడప్పుడు రుద్దుకుంటే గ్రైండింగ్‌కు పంపే గడువు పెరుగుతుంది. వాలు వైపు మాత్రం చేత్తో రుద్దకు.

కొత్త జత సంగతి ఇప్పుడు. కొత్తది కొను, కానీ పాతది పారేసి కాదు. రెండు జతలు ఉండాలి, ఒకటి మిషన్‌లో, ఒకటి సాన పట్టించి సిద్ధంగా. మన గిరాకీ ఎట్లా ఉంటుందో తెలుసు కదా. శ్రావణంలో గృహప్రవేశాలు మొదలైతే దసరా, కార్తీకం దాకా ఊపిరి ఆడదు. పాలమూరు వైపు మీకు కురుమూర్తి జాతర కూడా కలుస్తుంది. ఆ రోజుల్లో బ్లేడ్లు ఊరికి పంపి మిషన్ ఖాళీగా పెట్టుకుంటే ఆర్డర్ పక్క షాపుకు పోతుంది. ఆషాఢంలోనో, మూఢం నడుస్తున్నప్పుడో రెండు జతలూ పట్టించి పెట్టుకో. పాత జతను ఎప్పుడు పక్కన పెట్టాలంటే, అంచు బోల్టు రంధ్రాల వైపు జరిగి జరిగి, దించుకునే సర్దుబాటు అయిపోయినప్పుడు. లేదా ఎవరో నీలం చేసి ఇచ్చినప్పుడు, ఆ నీలం లోతుగా ఉంటే.

డబుల్ మైటర్ రంపం బ్లేడ్లకు వద్దాం. వాటి పళ్ళ కొసన అతికించి ఉండేది టంగ్‌స్టన్ కార్బైడ్. మామూలు సాన రాయి దాన్ని కొయ్యలేదు, డైమండ్ వీల్ ఉన్న మిషన్ కావాలి. అందుకే పైన చెప్పిన పేపర్ కత్తుల షాపులో ఇది పట్టరు, పట్టినా వేరే మిషన్ మీద పడతారు. ఇక్కడ రేటు పన్నుకింత. పన్ను ఊడితే కొత్తది అతికిస్తారు, ఆ సంగతి ముందే అడిగి పెట్టుకో. రెండు బ్లేడ్లు ఉన్న మిషన్ కాబట్టి ఇక్కడా జతే లెక్క. సాన తర్వాత రెండింటి వ్యాసం సమానంగా లేకపోతే కోత కింద ఒకవైపు తెగదు.

అయితే రంపం బ్లేడు మొద్దుబారిందని అనుకునే ముందు దాన్ని కడుగు. ఫైబర్ పట్టీ కోసినప్పుడు ప్లాస్టిక్ కరిగి పళ్ళ పక్కన అంటుకుంటుంది, టేకు జిగట కూడా అంతే. అది పేరుకుంటే బ్లేడు రాచుకుని వేడెక్కుతుంది, పట్టీ అంచు కరిగి గడ్డ కడుతుంది, చెక్క అయితే నల్లగా మాడుతుంది. బ్లేడు విప్పి కిరోసిన్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో పళ్ళు తోము, బాగా తుడిచి ఆరాకే ఎక్కించు. కాస్టిక్ సోడా వద్దు, అది కార్బైడ్‌ను, అతుకును పాడు చేస్తుంది. కడిగాక కూడా మాడుతుంటే అప్పుడు సానకు పంపు.

మూల కోతకు గాళ్ళున్న చెక్క మైటర్ పెట్టెలో పెట్టి కోసే వెన్ను రంపం ఇంకా వాడుతున్నావంటే, దానికి మూడు పలకల ఆకురాయి చాలు. మీ ఊరి వడ్లాయన పట్టిస్తాడు, మనకంటే బాగా పట్టిస్తాడు. పళ్ళ కొసలు నల్లగా గట్టిపరిచిన కొత్త రకం రంపాలకు మాత్రం ఆకురాయి ఎక్కదు, అవి అరిగితే మార్చడమే.

మౌంట్ కట్టర్ బ్లేడుకు సాన పట్టించాలని చూడకు, టైం వృథా. మౌంట్ బోర్డులో సున్నపు పొడి కలుస్తుంది, అది సన్నటి బ్లేడును త్వరగా తినేస్తుంది. లోపలి వాలు అంచులో నూగు లేచినా, మూలల్లో కోత కొక్కెంలా వంగినా బ్లేడు మార్చు. ఖర్చు పెద్దది కాదు, పాడయ్యే బోర్డు దానికంటే ఖరీదు. అద్దం కట్టర్ చక్రం కూడా ఇంతే. గీత మీద తెల్లటి పొడి పడుతూ గీత అక్కడక్కడ తప్పిపోతే కొత్త చక్రం వెయ్యి.

తమ్ముడూ, ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది రెండు ఫొటోలు పెట్టడం. ఒకటి లైటు కింద బ్లేడు అంచు, దగ్గరి నుంచి. రెండోది పైన్ ముక్క కోసిన ముఖం. మిషన్ మీద కంపెనీ పేరు ప్లేటు ఉంటే అది కూడా తీసి పెట్టు. సానకు పంపాలా, ఆనిక సరిచేసుకుంటే సరిపోతుందా అన్నది అవి చూసి చెప్తాను. అప్పటిదాకా బ్లేడ్లు ఎవరికీ ఇవ్వకు.